రేకు చిరుగుతోందా? తప్పు పిల్లల చేతిది కాదు

ప్రశ్న: జనగామ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ చెబుతున్నాను. ఏడో తరగతిలో 42 మంది పిల్లలు. మాకు దగ్గర్లోనే పెంబర్తి ఉంది కదా, ఆ ఇత్తడి రేకు పనిలాంటిది పిల్లలతో చేయిద్దామని కూల్‌డ్రింక్ డబ్బాలు కత్తిరించి మొదలుపెట్టాను. గీత పడట్లేదు, గట్టిగా నొక్కితే చిరుగుతోంది. రేకు చుట్టుకుపోతోంది. ఇద్దరికి వేళ్ళు తెగాయి. పేర్లు రాయమంటే అందరివీ తిరగబడ్డాయి. వారానికి ఒక పీరియడ్, 45 నిమిషాలు. చేతిలో డబ్బు పెద్దగా లేదు. దీన్ని సరిగ్గా నేర్పడం ఎలా? పిల్లల్ని పెంబర్తి తీసుకెళ్ళాలా? తీసుకెళ్తే ఎప్పుడు?

జవాబు: టీచర్ గారూ, మీరు రాసిన ఇబ్బందుల్లో సగం ఆ డబ్బా వల్ల వచ్చినవే. కూల్‌డ్రింక్ డబ్బా గోడ మందం సుమారు 0.1 మి.మీ. ఎంబోసింగ్‌కి, అంటే రేకు మీద బొమ్మని ఉబ్బెత్తుగా తేవడానికి, వాడే రేకు మందం కూడా దాదాపు అంతే. అందుకే చాలామంది ఇది సరిపోతుందనుకుంటారు. తేడా మందంలో లేదు, మెత్తదనంలో ఉంది. డబ్బా తయారీలో ఆ లోహాన్ని లాగి లాగి గట్టిపరుస్తారు. అలా గట్టిపడిన రేకుకి ఇక సాగే గుణం మిగలదు. మెల్లగా నొక్కితే మళ్ళీ పైకి లేస్తుంది, గట్టిగా నొక్కితే చిరుగుతుంది. పైగా లోపలి వైపు పూత, బయట రంగు, కత్తిరించిన అంచు బ్లేడులా పదును. డబ్బాల్ని పక్కన పెట్టేయండి.

ఏ రేకు కొనాలి

అడగాల్సింది మెత్తటి అల్యూమినియం రేకు, మందం 0.1 మి.మీ. క్రాఫ్ట్ సామాను అమ్మే దుకాణాల్లో ఎంబోసింగ్ షీట్ పేరుతో చుట్టలుగా దొరుకుతుంది. మందాన్ని సూచించే గేజ్ నంబరు చెప్పి కొనకండి. బ్రిటిష్ పట్టిక ప్రకారం 36 గేజ్ అంటే 0.193 మి.మీ., అమెరికన్ పట్టిక ప్రకారం 0.127 మి.మీ. దుకాణదారు ఏ పట్టిక చూసి ఇస్తున్నాడో మనకి తెలియదు. 0.19 మి.మీ. రేకు మీద ఏడో తరగతి పిల్లల చేతికి గీతలు పడతాయిగానీ బొమ్మ పైకి లేవదు. మిల్లీమీటర్లలోనే అడగండి, కొన్నాక సరిచూసుకోండి. మీ బడిలో ఫిజికల్ సైన్స్ వాళ్ళ దగ్గర స్క్రూ గేజ్ ఉంటుంది, 0.01 మి.మీ. వరకు కొలుస్తుంది. అది అందుబాటులో లేకపోతే పది ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా అదిమి స్కేలుతో చూడండి. 1 మి.మీ. రావాలి.

మెత్తదనానికి ఇంకో పరీక్ష ఉంది. చుట్ట మూల ఒకటి వేలితో మడవండి. మడిచినచోట మడిచినట్టే ఉండిపోతే మెత్తది, సగం వెనక్కి లేస్తే గట్టిది. ఈ పరీక్ష దుకాణంలోనే చేయండి.

లెక్క ఇలా వేసుకోండి. చుట్ట వెడల్పు 30 సెం.మీ. అనుకుందాం. ఒక్కొక్కరికి అసలు బొమ్మకి 15×10 సెం.మీ. ముక్క. ప్రతి 10 సెం.మీ. పొడవుకి ఇవి రెండు వస్తాయి, కాబట్టి 42 మందికి 2.1 మీటర్లు. పాడైతే ఇవ్వడానికి మరో నాలుగు ముక్కలు. సాధన కోసం 7.5×10 సెం.మీ. ముక్క తలా ఒకటి, దానికి 1.1 మీటర్లు. మొత్తం 3.5 మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. ఇంతా కలిపి బరువు 285 గ్రాములు దాటదు. అదే కొలత రాగిలో అయితే 940 గ్రాములు తూగుతుంది. అందుకే మొదటి ఏడాది రాగి జోలికి వెళ్ళొద్దని మా సలహా. రాగి, ఇత్తడి రేకులకి పిల్లల వేళ్ళలో బలం కూడా చాలదు. వాటిని తొమ్మిది, పది తరగతులకి ఉంచండి.

రాగిరంగు, బంగారురంగు రేకులు చూపించి రాగి, ఇత్తడి అని అమ్ముతుంటారు. వాటిలో చాలావరకు రంగు పూసిన అల్యూమినియమే. కత్తిరించిన అంచు తెల్లగా కనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. వాడకూడదని కాదు, మొన గీసుకున్నచోటల్లా రంగు లేచి తెల్లగా బయటపడుతుంది. ఆ సంగతి తెలిసి కొనండి.

డబ్బు అసలు లేకపోతే, కర్రీ పాయింట్లలో కూర కట్టి ఇచ్చే అల్యూమినియం ట్రేలు ఉన్నాయి కదా, వాటి అడుగు భాగం మెత్తటి రేకే. కడిగి, చపాతీ కర్రతో ఒకసారి చదును చేస్తే సాధన ముక్కలకి, చిన్న తరగతులకి హాయిగా పనికొస్తుంది. వంటింట్లో రొట్టెలు చుట్టే ఫాయిల్ మాత్రం ఒంటరిగా పనికిరాదు. దాని మందం ఇందులో ఐదో వంతు కూడా ఉండదు.

అంచుల సంగతి ముందు

కత్తిరించడం పిల్లలకి ఇవ్వకండి. ముందురోజే మీరు కత్తిరించి పెట్టుకోండి. పేపర్ కట్టర్ వాడితే అంచు నున్నగా వస్తుంది. కత్తెరతో అయితే కత్తెరని పూర్తిగా మూయకుండా ముందుకి నెట్టుకుంటూ పోవాలి. ప్రతిసారీ మూస్తే ఆ మూసినచోట చిన్న ముల్లు లేస్తుంది, వేలు తెగేది దానికే. నాలుగు మూలల్నీ రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగా కత్తిరించండి. తర్వాత నాలుగు అంచులకీ సెల్లోటేపు, సగం ముందుకి సగం వెనక్కి వచ్చేలా మడిచి అతికించండి. 42 ముక్కలకి ఒక గంట పని, కానీ తర్వాత ఎవరి వేలూ తెగదు. అయినా తెగితే నీళ్ళతో కడిగి కట్టు కట్టండి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్ళయిందో ఇంట్లో కనుక్కోమనండి. గాజులు, ఉంగరాలు, చేతి గడియారాలు తీయించడం మరవద్దు. అవి తగిలిన ప్రతి సొట్టా బొమ్మలో కనిపిస్తుంది.

కత్తిరించిన ముక్కల్ని పాత అట్లాసులోనో హాజరు పట్టీలోనో పరుపుగా ఉంచండి. ఒక్కసారి మడత పడితే ఆ గీత జన్మకి పోదు.

పనిముట్లు

కొనాల్సినవి దాదాపు ఏమీ లేవు. ఐదుగురికి ఒక జట్టు చొప్పున ఎనిమిది, తొమ్మిది జట్లు చేయండి. జట్టుకి ఇవి కావాలి: సిరా అయిపోయిన బాల్‌పెన్నులు ఐదు, ఐస్‌క్రీమ్ పుల్లలు ఐదు, ఒక కొన గరుకు కాగితం మీద రుద్ది ఉలి మొనలా చేసినవి, గుండ్రటి కొన ఉన్న పెయింట్ బ్రష్షులు రెండు, వాటి కాడలే మనకి కావాల్సింది, చిన్న స్టీలు చెంచాలు రెండు, ఇల్లు కట్టేచోట మిగిలిన టైలు ముక్కలు రెండు, దినపత్రికలు పది. ఇంకొకటి చేసుకోవచ్చు. తెల్ల కాగితాన్ని పెన్సిలంత లావుగా బిగించి చుట్టి, కొన సూదిగా వచ్చేలా లాగి టేపు వేస్తే కాగితపు పుల్ల తయారవుతుంది. రేకు మీద గీతలు పడకుండా రుద్దడానికి దీన్ని మించింది లేదు.

పెన్నుల విషయంలో జాగ్రత్త. జెల్ పెన్ను మొన మరీ సన్నం, రేకుని కోస్తుంది. బాల్‌పెన్నులో కూడా గుండు ఇరుక్కుపోయి తిరగకపోతే రేకు మీద గీరుతుంది. ప్రతి పెన్నునీ వేలిగోరు మీద ఒకసారి తిప్పి చూసి, గరగరలాడేదాన్ని తీసేయండి. మొనకి కొద్దిగా కొబ్బరినూనె రాస్తే జారుడుగా నడుస్తుంది. ఒక చుక్క నూనె దూదికి అద్దుకుని జట్టంతా వాడుకోవచ్చు.

అడుగున వేసే మెత్త గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరుగానీ, పని బాగా రావడం, రాకపోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. 16 పేజీల దినపత్రికలు రెండు తీసుకుని, ఒక్కోదాన్ని రెండుసార్లు మడిచి ఒకదాని మీద ఒకటి వేస్తే 4 నుంచి 5 మి.మీ. మందం వస్తుంది. గీతలు గీయడానికి ఇది సరైన మెత్త. బొమ్మ ఉబ్బించేటప్పుడు దీని మీద పాత మౌస్ ప్యాడ్‌గానీ 3 మి.మీ. ఫోమ్ షీటుగానీ వేయాలి. మెత్త పలుచగా ఉంటే రేకు దిగడానికి చోటుండదు, గీత పడదు. దిండులాంటి మందపాటి స్పంజి వేస్తే గీత చుట్టూ రేకంతా కుంగి, బొమ్మ అంచులు అలుక్కుపోతాయి. పత్రికలు కూడా నొక్కుళ్ళకి గట్టిపడిపోతాయి, ప్రతి పీరియడ్‌కీ మడత మార్చి వేయండి.

మొదటి పీరియడ్‌లో బొమ్మ వద్దు

టీచర్లు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. పిల్లలకి కూడా నెమలి వేసెయ్యాలని ఆత్రం. ఆ 45 నిమిషాలూ సాధన ముక్క మీదే గడపండి.

ముందు పత్రికల మెత్త మీద మూడు గీతలు: మెల్లగా ఒకటి, మామూలుగా ఒకటి, గట్టిగా ఒకటి. రేకు తిప్పి చూడమనండి. ముందు గాడిగా పడింది వెనక కట్టలా లేచి ఉంటుంది. ఇప్పుడు వెనక వైపు నుంచి ఇంకో గీత, మొదటి గీత పక్కనే 3 మి.మీ. దూరంలో. మళ్ళీ తిప్పితే గాడీ కట్టా పక్కపక్కనే కనిపిస్తాయి. ఎంబోసింగ్ అంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. అదే గీతని ఈసారి మెత్త లేకుండా టైలు మీద గీయించండి, ఏమీ లేవదు. మెత్త ఎందుకో చెప్పే పని మీకు తప్పుతుంది.

తర్వాత 2 సెం.మీ. వృత్తం. గీత ముందు నుంచి గీసి, రేకు తిప్పి, ఫోమ్ మీద పెట్టి, బ్రష్షు కాడ గుండ్రటి కొనతో లోపలంతా చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి. చివరగా ఒక మూల పెన్నుతో ఒకేచోట నొక్కుతూ పోయి, రేకుని కావాలనే చింపించండి. ఎంతకి చిరుగుతుందో వేలికి తెలియాలి. ఆ తెలివిడి మీ హెచ్చరికలతో రాదు.

రేకు ఎందుకు చిరుగుతుందో కూడా అప్పుడే చెప్పొచ్చు. పైకి లేచిన భాగానికి లోహం బయటి నుంచి రాదు, ఉన్న రేకే సాగి పలచబడుతుంది. చపాతీ ముద్దని ఒకే వేలితో ఒకేచోట నొక్కితే బొక్క పడుతుంది, అరచేత్తో అంతటా అదిమితే పరుచుకుంటుంది. రేకు కూడా అంతే. సైన్సు పుస్తకంలో స్తరణీయత అని చదువుతారు కదా, అది చేతికి తగిలేది ఇక్కడ.

రెండో పీరియడ్: బొమ్మ, అచ్చు దించడం

ఇంటర్నెట్‌లో దొరికే నెమలి, వినాయకుడు ప్రింట్లు 42 తీసి పంచడం సులువే. కానీ వాటిలో ఈకలకీ నగలకీ వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. రెండు గీతల మధ్య 3 మి.మీ. కన్నా తక్కువ చోటుంటే రేకు మీద రెండూ కలిసిపోతాయి. ఉబ్బించాలనుకున్న ఏ భాగమైనా కనీసం 8 నుంచి 10 మి.మీ. వెడల్పు ఉండాలి. మామిడిపిందె, తామర, చేప, రథచక్రం, తీగెతో ఆకులు, ఇవి బాగా వస్తాయి. ముగ్గులు ఇంకా బాగా వస్తాయి, పిల్లలకి అవి వచ్చినవే. ఐదు చుక్కల సరిచుక్క ముగ్గు 15×10 ముక్కలో చక్కగా ఇముడుతుంది. చుక్కలు వెనక నుంచి పొడిస్తే ముత్యాల్లా లేస్తాయి, గీతలు ముందు నుంచి గీస్తే గాడిగా నిలుస్తాయి. మనిషి ముఖం ఈ ఏడాదికి ఒప్పుకోకండి. ముక్కు ఒక మిల్లీమీటరు ఎక్కువ లేచినా బొమ్మంతా వికారంగా కనిపిస్తుంది.

బొమ్మని పలుచటి కాగితం మీద 13×8 సెం.మీ. లోపల వేయించండి. చుట్టూ మిగిలిన సెంటీమీటరు తర్వాత అట్టకి మడవడానికి. కాగితాన్ని రేకు మీద రెండు వైపులా టేపుతో అతికించి, పత్రికల మెత్త మీద పెట్టి, పెన్నుతో గీతల వెంట ఒకే ఒత్తిడితో పోవాలి. కాగితం చిరిగితే ఒత్తిడి ఎక్కువైనట్టు. టేపు ఒక వైపే తీసి ఎత్తి చూడమనండి, ఎక్కడైనా గీత వదిలేస్తే మళ్ళీ సరిగ్గా అదే చోట వాలుతుంది. అన్నీ పడ్డాక కాగితం తీసేసి గీతల్ని ఇంకోసారి దిద్దాలి.

ఇక తిరగబడ్డ పేర్ల సంగతి. వెనక నుంచి రాసిన ఏ అక్షరమైనా ముందు అద్దంలో చూసినట్టే కనిపిస్తుంది. పేరు పైకి లేచి కనిపించాలంటే, కాగితం మీద స్కెచ్‌పెన్నుతో మామూలుగా రాసి, కాగితం తిప్పి కిటికీ అద్దానికి ఆనించి వెనక కనిపించే గీతల్నే మళ్ళీ గీసుకోవాలి. ఆ తిరగేసిన పేరుని రేకు వెనక వైపు పెట్టి దించాలి. మన అక్షరాల్లో వట్రసుడి, వత్తులు చిన్నవి కాబట్టి అక్షరం ఎత్తు 2 సెం.మీ. కన్నా తగ్గనివ్వకండి. గాడిగా ఉన్నా చాలనుకుంటే ఈ తిప్పలేవీ లేకుండా ముందు నుంచే రాసేయొచ్చు.

మూడు, నాలుగు పీరియడ్లు: ఉబ్బించడం, దిద్దడం

పని అంతా ఈ రెండు పీరియడ్లలోనే ఉంది. బల్ల చుట్టూ పదిమందికి మించి నిలబెట్టకుండా చేసి చూపించండి, వెనక బెంచీ నుంచి చూస్తే రేకు మెరుపు తప్ప ఏమీ కనిపించదు.

రేకుని వెనక వైపు తిప్పి ఫోమ్ మీద పెట్టాలి. తామర పూరేక ఒకటి తీసుకుందాం, 3 సెం.మీ. పొడవు, ఒకటిన్నర వెడల్పు. గీతకి ఒక మిల్లీమీటరు లోపలిగా ఉండి, కాగితపు పుల్లతోగానీ బ్రష్షు కాడతోగానీ లోపలంతా మెల్లగా రుద్దాలి. మొదటి విడతలో ఉబ్బు అర మిల్లీమీటరు కూడా ఉండదు, పిల్లలు ఇంకా రాలేదని గట్టిగా నొక్కబోతారు. ఆపండి. ఇప్పుడు ముందుకి తిప్పి టైలు మీద పెట్టి, పెన్నుతో ఆ పూరేక బయటి గీత వెంట దిద్దాలి. ఐస్‌క్రీమ్ పుల్ల మొనతో గీత బయట ఉన్న నేలని, అంటే బొమ్మ లేని ఖాళీ రేకుని, చదును చేయాలి. ఉబ్బు చుట్టూ అంచు అప్పుడు తేరుతుంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఫోమ్ మీద, ఈసారి మధ్యభాగాన్ని కొంచెం ఎక్కువగా. మళ్ళీ ముందుకి, టైలు మీద. ఇలా మూడు నాలుగు విడతలు. పెద్ద భాగాలకి చివరి విడతలో చెంచా వెనక భాగం వాడొచ్చు.

అటూ ఇటూ ఇన్నిసార్లు తిప్పడం పిల్లలకి విసుగు. ఒకేసారి వెనక నుంచి ఎంత కావాలంటే అంత ఉబ్బించి, తర్వాత ముందు దిద్దుకుందామనుకుంటారు. అప్పుడు గీతతో పాటు చుట్టూ ఉన్న నేల కూడా లేచిపోతుంది, దాన్ని కిందికి దించబోతే ముడతలు పడతాయి. అందుకే విడతల సంఖ్య బోర్డు మీద రాయండి, విడతకి ఐదు నిమిషాలు గడియారం చూసి చెప్పండి. అందరూ ఒకేసారి తిప్పుతారు.

3 సెం.మీ. వెడల్పున్న భాగం 3 మి.మీ. ఎత్తు లేస్తే చాలు. నాలుగు దాటితే 0.1 మి.మీ. రేకు ఎప్పుడు చిరుగుతుందో చెప్పలేం. వెలుగు పక్క నుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి చూస్తే 2 మి.మీ. ఉబ్బు కూడా బాగా కనిపిస్తుంది. ఎత్తు పెంచడం కన్నా అంచు తేర్చడం వల్లే బొమ్మ తేటపడుతుంది.

చిన్న చిరుగు పడితే ముక్క పారేయక్కర్లేదు. వెనక సెల్లోటేపు ముక్క అంటించి, ఆ చోట మళ్ళీ నొక్కకుండా వదిలేస్తే తర్వాత వెనక నింపే ప్లాస్టర్ ముద్ద దాన్ని పట్టి ఉంచుతుంది. చిరుగులు ఎక్కువగా గీత మీదే పడతాయి, ఎందుకంటే పెన్ను నాలుగైదుసార్లు నడిచిన చోటు అప్పటికే పలచబడి ఉంటుంది. ఉబ్బించే పుల్ల గీతకి ఒక మిల్లీమీటరు లోపల ఉండాలన్నది అందుకే.

రేకు చుట్టుకుపోతోందన్నారు. చుట్టలో ఉన్న వంపు అయితే, పని మొదలుపెట్టకముందే టైలు మీద పెట్టి చపాతీ కర్రతో ఒకసారి నడిపితే పోతుంది. పని మొదలయ్యాక వచ్చే వంపు వేరు. బొమ్మ ఉన్నచోట రేకు సాగింది, చుట్టూ సాగలేదు. ఆ తేడాకి రేకు వంగుతుంది, వేలితో తాకితే టపటపమని అటూ ఇటూ ఎగురుతుంది కూడా. దానికి మందు నేల మీద చుక్కలు. బొమ్మ చుట్టూ ఖాళీ అంతా పెన్నుతో ముందు నుంచి దగ్గర దగ్గరగా చుక్కలు పొడిపించండి, లేదా అడ్డగీతలు నిలువుగీతలు గీయించండి. నేల కూడా కొద్దిగా సాగి సర్దుకుంటుంది, గట్టిపడుతుంది, ముడతలు దాగుతాయి, ఉబ్బిన భాగం నున్నగా మెరిసి వేరుగా నిలుస్తుంది. చుక్కలు ఒక మూల నుంచి వరసగా పోకుండా బొమ్మకి నాలుగు వైపులా కొంచెం కొంచెంగా పొడుచుకుంటూ రావాలి. లేకపోతే వంపు ఇంకో మూలకి మారుతుంది, అంతే.

ఐదో పీరియడ్: వెనక నింపడం

ఉబ్బిన భాగం వెనక బోలుగా ఉంటుంది. నింపకపోతే ఎవరో ఒకరు వేలితో నొక్కుతారు, నెల రోజుల పని సొట్టపోతుంది. చాలామంది గోడలకి పెట్టే పుట్టీ వాడదామంటారు. తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీ అల్యూమినియానికి పడదు. తడి సిమెంటులోని క్షారం లోహాన్ని తినేస్తుంది, బుడగలు లేస్తాయి, పలుచగా సాగినచోట రేకు దెబ్బతింటుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఆ బాధ లేదు. 42 మందికి కిలో సంచి ఒకటి చాలు.

ముందుగా బోలు భాగాల్లో వేలితో పలుచగా ఫెవికాల్ పూయించండి, నున్నటి లోహాన్ని ప్లాస్టర్ దానంతట పట్టుకోదు. తర్వాత అర గ్లాసు నీళ్ళలో గ్లాసు పొడి మెల్లగా చల్లి, ఒక నిమిషం నాననిచ్చి కలపాలి. పొడిలో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. ఇది పది, పన్నెండు మందికి వస్తుంది. ఒకేసారి అందరికీ కలపకండి, పది పదిహేను నిమిషాల్లో గట్టిపడిపోతుంది. కలిపింది ఐస్‌క్రీమ్ పుల్లతో బోలులో నింపి, రేకు వెనక మట్టానికి గీసేయాలి. నింపేటప్పుడు రేకుని ముందు వైపు ఫోమ్ మీద బోర్లించి ఉంచాలి, టైలు మీద పెడితే బరువుకి ఉబ్బు అణుగుతుంది. మిగిలిన ముద్దని సింకులో కడగొద్దు, గొట్టంలోనే గట్టిపడుతుంది. ముద్దలో చేతులు ముంచి ఉంచనివ్వకండి, గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, కాలవచ్చు. పొడి కలిపే పని పిల్లలకి దూరంగా, ముక్కుకి గుడ్డ కట్టుకుని మీరే చేయండి.

ఉబ్బు 2 మి.మీ. లోపే ఉంటే ఫెవికాల్‌లో సుద్దపొడి కలిపిన ముద్ద చాలు. మందంగా వేస్తే మాత్రం పైన తోలు కట్టి లోపల రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది.

ఆరో పీరియడ్: నలుపు, అట్ట

అట్టకి ఎక్కించాకే రంగు వేయాలి. వంచితే లోపలి ప్లాస్టర్ పగిలి ఊడుతుంది కాబట్టి ఆరిన రేకుని అరచేతి మీద పరుపుగా మోయాలి. 13×8 సెం.మీ. గట్టి అట్టకి రెండు వైపులా అతికే టేపు వేసి, రేకు వెనక మధ్యలో అద్ది, నాలుగు అంచుల్నీ స్కేలు ఆసరాతో వెనక్కి మడవాలి. మూలల్ని ఏటవాలుగా కత్తిరిస్తే మడత నున్నగా వస్తుంది. ఆ కత్తిరింపు మీరే చేసి, కొత్తగా తేలిన అంచుకి వెనక టేపు వేయండి. ఫెవికాల్ ఒక్కదానితో అతికిస్తే లోహం వైపు పట్టు ఉండదు, ఎండాకాలానికి ఊడుతుంది.

ఇక నలుపు. ముందు గిన్నెల సబ్బు అద్దిన తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, కొబ్బరినూనె, వేళ్ళ జిడ్డు ఉంటే రంగు నిలవదు. నల్ల యాక్రిలిక్ రంగు బ్రష్షుతో గాడుల్లోకి వెళ్ళేలా అంతటా పూసి, రెండు మూడు నిమిషాలు ఆగి, పైన తుడవాలి. గుడ్డని వేలికి చుట్టి తుడిస్తే వేలు గాడిలోకి దిగి నలుపంతా తీసేస్తుంది. చిన్న అట్టముక్కకి గుడ్డ బిగించి పైపైన తుడవమనండి. పోస్టర్ కలర్ లోహం మీద పూసలు కట్టి, ఆరాక పొడిలా రాలుతుంది. అదే ఉంటే అందులో కొద్దిగా ఫెవికాల్ కలపండి. బూట్ల పాలిష్ కూడా పనిచేస్తుందిగానీ ఎన్నాళ్ళయినా చేతికి అంటుతూనే ఉంటుంది.

పై తరగతులతో ఎప్పుడైనా రాగి చేయిస్తే, దాన్ని నల్లబరచడానికి రసాయనాలు కొనకండి. చింతపండు, ఉప్పుతో తోమి కడిగి ఆరబెట్టిన రాగి ముక్కని, అప్పుడే ఉడికిన గుడ్డుని చిదిమి వేసిన మూత డబ్బాలో, గుడ్డు తగలకుండా పెట్టి మూసేయండి. పచ్చసొనలోంచి వచ్చే గంధకపు వాయువుకి రాగి ముందు గోధుమరంగుకి, ఉంచేకొద్దీ నలుపుకి తిరుగుతుంది. అల్యూమినియానికి ఇది పనిచేయదు.

మార్కులు వేయాల్సి వస్తే బొమ్మ అందానికి వేయకండి. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే అంచు తెలుస్తోందా, నేల చదునుగా ఉందా, చిరుగు ఎక్కడుంది, ఇవి చూడండి. బొమ్మలు బాగా వేసే పిల్లలు ఇందులో వెనకబడటం, డ్రాయింగ్‌లో ఎప్పుడూ వెనక ఉండేవాడు ముందుకి రావడం మామూలే. ఓపికగా రుద్దే చేతికే ఇందులో పని కుదురుతుంది.

పెంబర్తి ఎప్పుడు

తప్పకుండా తీసుకెళ్ళండి, కానీ మొదట్లో కాదు, నాలుగో పీరియడ్ అయ్యాక. ముందే వెళ్తే పిల్లలు విగ్రహాల మెరుపు చూసి వస్తారు. తామూ రేకు మీద తిప్పలు పడ్డాక వెళ్తే పనివాళ్ళ చేతుల్ని చూస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఈ పనిలో దేవుళ్ళ కవచాలు, వాహనాలు, ధ్వజస్తంభాల తొడుగులు చేస్తారు. అక్కడి రేకు మనదానికన్నా చాలా మందం, మన వేళ్ళ రుద్దుడికి లొంగదు. దాన్ని కాల్చి మెత్తబరచి, లక్క మీద బిగించి, రకరకాల మొనల ఉలులతో సుత్తిదెబ్బల మీద పైకి తెస్తారు. రాళ (గుగ్గిలం), ఇటుకపొడి, నూనె కలిపి కాచిన ముద్దనే అక్కడ లక్క అంటారు. మీ పిల్లలకి దినపత్రికలు, ఫోమ్ చేసే పనే అక్కడ ఆ లక్క చేస్తుంది. దెబ్బకి దిగడానికి చోటిస్తూనే, చుట్టుపక్కల రేకు కదలకుండా పట్టి ఉంచుతుంది.

పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసిపెట్టుకోండి. రేకు పని మధ్యలో గట్టిపడితే మళ్ళీ ఎన్నిసార్లు కాలుస్తారు? వెనక నుంచి కొట్టే ఉలికీ ముందు నుంచి దిద్దే ఉలికీ మొనలో తేడా ఏమిటి? పూర్తయిన బొమ్మ వెనక వైపు ఒకటి తిప్పి చూపిస్తారా? పనివాళ్ళు ఈ ప్రశ్నలకి సంతోషంగా జవాబిస్తారు, ధర ఎంత అని అడిగితే చిరాకుపడతారు. వెళ్ళే రెండు రోజుల ముందు ఫోన్ చేసి, లక్క మీద రేకు బిగించి కొట్టే పని ఆ రోజు నడుస్తుందో లేదో కనుక్కోండి. పాలిష్ పట్టే రోజు వెళ్తే దుమ్ము, యంత్రం చప్పుడు తప్ప పిల్లలకి కనిపించేది తక్కువ. 42 మందినీ ఒకేసారి ఒక షెడ్డులోకి పంపకుండా రెండు జట్లు చేయండి. లక్క కాచే పొయ్యి దగ్గరికి పంపేటప్పుడు చున్నీలు నడుముకి బిగించి కట్టుకోమనండి.